ఆకాశానికి అట్టముక్క కళ్లజోడు

110 దగ్గర ఒక గీత ఉంది, 115 దగ్గర ఇంకో గీత ఉంది, 98 దగ్గర మూడో గీత. 110తో పాటు ఇంకొక్కదాన్ని ఒకేసారి చూడనిస్తాం, ఏది కావాలి అని అడిగితే ఎవరైనా ఏమంటారు? దగ్గరున్నది కదా, 115 అంటారు. దక్షిణ అమెరికాలో, చిలీ దేశపు అటకామా ఎడారిలో ఆల్మా అనే పెద్ద రేడియో టెలిస్కోపు ఉంది. దానిలో 110నీ 98నీ కలిపి చూడొచ్చు. 110నీ 115నీ కలిపి చూడటం మాత్రం కుదరదు. పక్కింటి గీత దొరకదు, పై వీధి గీత దొరుకుతుంది. ఎందుకో అంకెల పట్టిక ముందు పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నా తట్టదు. బొమ్మ గీస్తే అర నిమిషం చాలు. ఈ వ్యాసం ఆ బొమ్మ గురించి.

తెలుగు శాఖ గోడపత్రికలో ఈ గొడవేమిటి అనుకోకండి. మనం ఛందస్సు క్లాసులో చేసేది ఇదే పని. పద్యపాదం ఇచ్చి ఏ వృత్తమో చెప్పమంటే మనం ముందు అర్థం జోలికి పోం. అక్షరాల మీద గురువుకి గిన్నె గుర్తు, లఘువుకి నిలువు గీత పెట్టుకుంటూ పోతాం. గుర్తులు పడ్డాక గణాలు వాటంతట అవే కనిపిస్తాయి. యతి సంగతి కూడా చూడండి. ఉత్పలమాలలో పాదం మొదటి అక్షరానికి పదో అక్షరంతో మైత్రి కుదరాలి. తొమ్మిదో అక్షరం ఎంత చక్కగా కలిసినా లెక్కలోకి రాదు. ఈ యతి స్థానం మాట కాస్త గుర్తుంచుకోండి, ఆల్మా దగ్గర మళ్లీ పనికొస్తుంది.

ముందు ఫ్రీక్వెన్సీ. దీనికి మన పాఠ్యపుస్తకాల మాట పౌనఃపున్యం. పునః పునః, అంటే మళ్లీ మళ్లీ, అందులోంచి పుట్టిన మాట. ఒక సెకనులో అల ఎన్నిసార్లు మళ్లీ మళ్లీ వస్తుందో ఆ లెక్క. అర్థం అంత తేటగా ఉన్న మాటకి పలకడానికి అంత కష్టం ఎందుకు వచ్చిందో తెలీదు గానీ, ఇక్కడ నేను మాట్లాడుకునే మాటే, ఫ్రీక్వెన్సీ అనే రాస్తాను. సెకనుకి 10 లక్షల సార్లు అయితే ఒక మెగాహెర్ట్‌జ్, 100 కోట్ల సార్లు అయితే ఒక గిగాహెర్ట్‌జ్.

ఫ్రీక్వెన్సీలకి బొమ్మ అనేది మనకి కొత్తేం కాదు. పాత రేడియోల్లో ముల్లు జరిగే అద్దం ఉండేది కదా, అదే ఆ బొమ్మ. మన చెన్నైలో ఎఫ్ఎం అద్దం మీద 93.5 దగ్గర సూర్యన్, 98.3 దగ్గర మిర్చి, 101.4 దగ్గర ఆకాశవాణి రెయిన్‌బో. ఒక గీత, దాని మీద అక్కడక్కడ స్టేషన్లు, మధ్యలో గురగుర. ఆకాశం కూడా ఇలాంటి అద్దమే. ఒక్కొక్క అణువుకీ, పరమాణువుకీ తన స్టేషను ఉంది. హైడ్రోజన్ పరమాణువు 1420.4 మెగాహెర్ట్‌జ్ దగ్గర పలుకుతుంది. కార్బన్ మోనాక్సైడ్ 115.271 గిగాహెర్ట్‌జ్ దగ్గర. అదే అణువులో మామూలు కార్బన్ బదులు కాస్త బరువైన కార్బన్ 13 ఉంటే గొంతు కొంచెం బొంగురుపోయి 110.201కి దిగుతుంది. కార్బన్, గంధకం కలిసిన కార్బన్ మోనోసల్ఫైడ్ 97.981 దగ్గర. మొదట చెప్పిన మూడు గీతలు ఇవే. శాస్త్రజ్ఞులు వీటిని వర్ణపట రేఖలంటారు.

రేడియోలో ముల్లు తిప్పితే లోపల ఏం జరుగుతుందో తెలిస్తే తప్ప కళ్లజోడు కథ అర్థం కాదు. కాబట్టి అక్కడ కాస్త ఆగుదాం. పై నుంచి వచ్చే అల చాలా వేగంగా ఊగుతుంది. దాన్ని ఉన్నదున్నట్టు పట్టుకుని పెంచడం, తీగల్లో పంపడం, అంకెలుగా మార్చడం కష్టం. అందుకని రిసీవరు లోపల మనదే ఒక అలని పుట్టిస్తారు. దీన్ని లోకల్ ఆసిలేటర్ అంటారు, మనం స్థానిక డోలకం అనుకోవచ్చు. బయటి అలనీ ఈ అలనీ కలిపితే రెండింటి తేడా అంత ఫ్రీక్వెన్సీతో కొత్త అల పుడుతుంది. మార్గళి కచేరీల్లో తంబురా శ్రుతి చేసేటప్పుడు రెండు తీగలు కొంచెం తేడాగా ఉంటే 'వాం... వాం...' అని ఊగుతూ వినిపిస్తుంది కదా. ఆ ఊపు సెకనుకి ఎన్నిసార్లో అదే ఆ రెండు శ్రుతుల తేడా. పూర్తిగా అదే సంగతి కాకపోయినా దానికి దగ్గర చుట్టమే.

ఎఫ్ఎం రేడియోల్లో ఈ తేడా 10.7 మెగాహెర్ట్‌జ్ ఉండేలా పెట్టడం పాత వాడుక. 101.4 వినాలంటే లోపలి డోలకం 112.1 దగ్గర పెడతారు. 112.1లోంచి 101.4 తీసేస్తే 10.7. బాగుంది. మరి అవతలి వైపు 122.8 సంగతి? దానికీ 112.1కీ తేడా అదే 10.7! రేడియోకి మిగిలేది తేడా ఒక్కటే కాబట్టి ఆ అల ఇటు నుంచి వచ్చిందో అటు నుంచి వచ్చిందో దానికి తెలీదు. 122.8 విమానాలు మాట్లాడుకునే పట్టీలో ఉంది. నాసిరకం ఎఫ్ఎం సెట్లలో పాట మధ్యలో పైలట్ల మాటలు దూరడం వెనక కథ ఇదే. మంచి సెట్లో ముందే జల్లెడ పెట్టి అవతలి వైపుని ఆపేస్తారు.

దీన్ని కాగితం మీద చూడాలంటే ఒక పొడుగాటి చీలిక తీసుకుని ఫ్రీక్వెన్సీలు వరసగా రాసి, డోలకం ఉన్నచోట మడత పెట్టండి. మడతకి ఎడమ వైపు ఉన్నదీ కుడి వైపు ఉన్నదీ ఒకదాని మీద ఒకటి పడతాయి. అద్దంలో బొమ్మ లాగా. ఎడమ దాన్ని కింది పక్కపట్టీ అనీ, కుడి దాన్ని పై పక్కపట్టీ అనీ అనుకుందాం.

ఇక టెలిస్కోపులు. మన తమిళనాడులోనే ఊటీ దగ్గర ముత్తోరైలో ఒకటి ఉంది. గోవింద్ స్వరూప్ గారి బృందం కట్టింది, 1970 నుంచి పనిచేస్తోంది. 530 మీటర్ల పొడుగు, 30 మీటర్ల వెడల్పు ఉన్న సగం గొట్టం లాంటిది. కొండ వాలు సుమారు 11 డిగ్రీలు, ఆ ఊరి అక్షాంశమూ అంతే. అలాంటి కొండని వెతికి దాని మీద ఉత్తర దక్షిణాలుగా పరిచారు. అందువల్ల ఒక్క ఇరుసు మీద తిప్పితే చాలు, నక్షత్రం వెంట తొమ్మిదిన్నర గంటలు పోవచ్చు. నాకు ఈ టెలిస్కోపు అంటే చెప్పలేనంత ముచ్చట. కానీ మన విషయానికి వస్తే అది ఒకే స్టేషను పెట్టిన రేడియో, 326.5 మెగాహెర్ట్‌జ్ దగ్గరే వింటుంది. ఏ ఫ్రీక్వెన్సీ పెట్టాలన్న తలనొప్పి దాన్ని వాడేవాళ్లకి లేదు.

ఆ తలనొప్పి పుణె దగ్గర ఖోడద్‌లో ఉన్న జీఎంఆర్‌టీతో మొదలవుతుంది. ఇదీ స్వరూప్ గారి ఆలోచనే. 45 మీటర్ల అడ్డుకొలత ఉన్న 30 గిన్నెలు, మధ్యలో 14, మూడు చేతులుగా చాచి 16. కొత్తగా మార్చాక దీనికి నాలుగు రిసీవర్ పట్టీలున్నాయి. సుమారుగా 125 నుంచి 250, 250 నుంచి 500, 550 నుంచి 850, 1050 నుంచి 1450 మెగాహెర్ట్‌జ్. ఒక గీత గీసి ఈ నాలుగింటినీ దాని మీద రంగు పూయండి. మధ్యలో ఖాళీలు కనిపిస్తాయి. 850కీ 1050కీ మధ్య ఖాళీలో ఎవరున్నారో తెలుసా? మన మొబైల్ ఫోన్ల 900 పట్టీ. 125కి కిందకి చూస్తే 88 నుంచి 108 వరకు ఎఫ్ఎం స్టేషన్లు. 1400 నుంచి 1427 వరకు మాత్రం ప్రపంచమంతా నోరు మూసుకుని ఉండాలని అంతర్జాతీయ నియమం, అది హైడ్రోజన్ కోసం కాపాడిన జాగా. ఎవరు ఎక్కడ అరుస్తున్నారో, ఎక్కడ నిశ్శబ్దమో ఒక్క చూపులో కనిపిస్తుంది.

హైడ్రోజన్ స్టేషను 1420.4 కదా, దాని పట్టీ తెలిసిందే కదా, ఇక ఆలోచించేది ఏముంది? ఉంది. దూరపు గెలాక్సీలు మన నుంచి దూరమవుతూ ఉంటాయి, విశ్వం సాగుతూ ఉంటుంది, వాటి గీత కిందకి జారుతుంది. దీన్ని అరుణ విస్థాపనం, రెడ్‌షిఫ్ట్ అంటారు. రెడ్‌షిఫ్ట్ 1 అయితే 1420.4ని 2తో భాగించాలి, 710.2 వస్తుంది. అంటే గీత నాలుగో పట్టీలోంచి జారి మూడో పట్టీ, 550-850, నడిమధ్యకి వచ్చి పడుతుంది. రెడ్‌షిఫ్ట్ 0.58 అయితే 899 దగ్గర, సరిగ్గా ఆ ఫోన్ల ఖాళీలో. ఆ దూరంలో ఉన్న గెలాక్సీ హైడ్రోజన్‌ని ఈ టెలిస్కోపుతో చూస్తానని ఎవరైనా అర్జీ పెడితే, బొమ్మే చెబుతుంది, వద్దు తల్లీ అని. 2020లో ఆదిత్య చౌధురి, నిస్సిం కానేకర్, జయరామ్ చెంగలూరు తదితరులు ఈ 550-850 పట్టీ వాడుకుని 7,653 గెలాక్సీల హైడ్రోజన్ గీతల్ని ఒకదాని మీద ఒకటి పేర్చారు. విడివిడిగా ఒక్కటీ వినపడనంత సన్నని గొంతులు. కలిపితే, సుమారు 800 కోట్ల ఏళ్ల కిందటి గెలాక్సీల్లో ఎంత హైడ్రోజన్ ఉండేదో తెలిసింది. ప్రతి గెలాక్సీ గీతా ఆ పట్టీ లోపలే పడేలా చూసుకోవడం ఆ పనికి పునాది.

పట్టీ ఎంచుకుంటే సరిపోదు, దాన్ని ఎన్ని ముక్కలు చెయ్యాలో కూడా చెప్పాలి. 400 మెగాహెర్ట్‌జ్ వెడల్పుని 8,192 ముక్కలు చేస్తే ఒక్కో ముక్క దాదాపు 49 కిలోహెర్ట్‌జ్. హైడ్రోజన్ దగ్గర అది సెకనుకి 10 కిలోమీటర్ల వేగం తేడాకి సమానం. సెకనుకి 300 కిలోమీటర్లు విస్తరించిన గెలాక్సీ గీతకి ఇది ధారాళం, 30 ముక్కల్లో దాని ఆకారం వస్తుంది. మన దగ్గర్లోని చల్లని మేఘం గీత వెడల్పు రెండు మూడు కిలోమీటర్లే అయితే మొత్తం ఒక్క ముక్కలో కూరుకుపోతుంది. ముగ్గు చుక్కలు దూరం దూరంగా పెట్టి చిన్న పువ్వు వెయ్యబోయినట్టు.

ఇప్పుడు ఆల్మా. 5,000 మీటర్ల ఎత్తున 66 గిన్నెలు. హాస్టల్లో నా గదిలో ఉండే ఫిజిక్స్ అక్క ఒకరోజు లాప్‌టాప్‌లో ఆల్మా వాళ్ల ప్రణాళిక సాఫ్ట్‌వేర్ చూపించింది. దాన్ని ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. తెర మీద అడ్డంగా ఫ్రీక్వెన్సీ గీత. దాని పైన కొండల్లా ఎగుడుదిగుడుగా వాతావరణం, అంటే ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర గాలి ఎంత దారి ఇస్తుందో. మధ్యలో డోలకం గీత. దానికి అటూ ఇటూ రెండు రంగు పట్టీలు. అక్క మౌసుతో డోలకాన్ని జరుపుతుంటే రెండు పట్టీలూ దాంతో పాటే జరుగుతున్నాయి, మధ్యలో ఎడం మాత్రం మారటం లేదు.

"అక్కా, ఇది కళ్లజోడులా ఉంది," అన్నాను.

"మా సార్‌కి చెబుతాలే, తెలుగు డిపార్ట్‌మెంటు కనిపెట్టిందని," అంది.

నిజంగా కళ్లజోడే. ఎఫ్ఎం రేడియోలో అవతలి పక్కపట్టీ బెడద. ఆల్మా రిసీవర్లు చాలావాటిలో రెండు పక్కపట్టీలనీ విడదీసి, రెండింటినీ వాడుకునే ఏర్పాటు ఉంది. అందులో 84 నుంచి 116 గిగాహెర్ట్‌జ్ వరకు పనిచేసే రిసీవరుని మూడో బ్యాండు అంటారు. డోలకం నుంచి 4 గిగాహెర్ట్‌జ్ దూరంలో మొదలై 8 దూరం దాకా ఉన్నదే అది తీసుకుంటుంది, అటు వైపూ ఇటు వైపూ. అంటే ఒక్కో అద్దం వెడల్పు 4, ముక్కు మీది వంతెన వెడల్పు 8. వంతెన కింద పడినదేదీ కనిపించదు.

అట్టముక్క మీద ఒక సెంటీమీటరు అంటే ఒక గిగాహెర్ట్‌జ్ అనుకుని కళ్లజోడు కత్తిరించండి. 4 సెంటీమీటర్ల కిటికీ, 8 సెంటీమీటర్ల అట్ట, మళ్లీ 4 సెంటీమీటర్ల కిటికీ. ఒక కాగితం చీలిక మీద 84 నుంచి 116 దాకా కొలత గీసి, 97.98, 110.20, 115.27 దగ్గర నిలువు గీతలు పెట్టండి. కళ్లజోడుని దాని మీద జరపండి.

వంతెన మధ్య భాగం 104 మీద పెడితే ఎడమ అద్దంలో 96 నుంచి 100, కుడి అద్దంలో 108 నుంచి 112. కార్బన్ మోనోసల్ఫైడ్ ఎడమ కంట్లో, బరువు కార్బన్ మోనాక్సైడ్ కుడి కంట్లో. రెండూ దొరికాయి. ఇప్పుడు 115.27 కోసం కుడి వైపు జరపండి. మధ్య భాగం 108 దగ్గరికి వచ్చేసరికి కుడి అద్దం 112 నుంచి 116, గీత దొరికింది. 110.20 ఎక్కడుంది? వంతెన కింద! సరే, 110.20ని కుడి అద్దం ఎడమ అంచున నిలబెడదాం. అద్దం 114.20 దగ్గర ఆగిపోతుంది, 115.27 ఒక సెంటీమీటరు అవతల నిలబడి చూస్తుంటుంది. ఎలా జరిపినా ఇంతే. రెండు గీతల మధ్య దూరం 5.07. ఒకే అద్దంలో ఇమడాలంటే 4 కన్నా తక్కువ ఉండాలి. చెరో అద్దంలో పడాలంటే 8 కన్నా ఎక్కువ, 16 కన్నా తక్కువ ఉండాలి. 5.07 రెంటికీ చెడ్డది. తొమ్మిదో అక్షరం కలిసినా యతి చెల్లదన్నట్టే.

ఇందులో పోయేది ఏమిటంటారా? మామూలు కార్బన్ మోనాక్సైడ్ మేఘంలో చాలా దట్టంగా ఉంటుంది, దాని వెలుగు పై పొర నుంచే వస్తుంది, లోపల ఏముందో చెప్పదు. బరువైన దాని వాటా తక్కువ కాబట్టి దానితో లోపలికి తొంగిచూడొచ్చు. రెండింటినీ పోలిస్తే నక్షత్రాలు పుట్టబోయే మేఘంలో ఎంత సరుకుందో లెక్క కట్టొచ్చు. ఒకేసారి చూస్తే ఒకే గాలి, ఒకే తేమ, ఒకే సర్దుబాటు. పోలిక నమ్మకంగా ఉంటుంది. విడివిడిగా చూడాలంటే రెండు ఏర్పాట్లు, ఎక్కువ సమయం. ఆల్మాకి ఏడాదికి వెయ్యిన్నరకి పైగా అర్జీలు వస్తాయి, చాలావాటికి సమయం దొరకదు. సమయం ఎక్కువ అడిగే అర్జీ నెగ్గడం ఇంకా కష్టం. కాబట్టి ఇంట్లో కూర్చుని బొమ్మ జరుపుకునే దశలోనే సగం పని తేలిపోవాలి.

మరి దారి లేదా? ఉంది, ఒక మెట్టు పైకెక్కాలి. ఇవే అణువులు రెట్టింపు ఫ్రీక్వెన్సీ దగ్గర కూడా పలుకుతాయి. మామూలుది 230.538, బరువైనది 220.399, ఇంకో బరువు రకం, ఆక్సిజన్ 18 ఉన్నది, 219.560. మధ్య దూరం ఇప్పుడు 10.14, 10.98. దీనికి వాడే ఆరో బ్యాండు కళ్లజోడు వేరు. అద్దాలు ఇంకా వెడల్పు, డోలకం నుంచి 5 గిగాహెర్ట్‌జ్ దగ్గర మొదలై 10 దాకా అనుకోండి. వంతెన 10. మూడు గీతలూ పడాలంటే డోలకం 225.399కీ 225.538కీ మధ్య ఉండాలి. మన కొలతలో ఒక మిల్లీమీటరు పైన కాస్త! అంత సందులో జొప్పించాలి. ఇప్పుడు అద్దాల లోపలి అంచు 4.5 దాకా వస్తోంది కాబట్టి ఆ సందు ఒక సెంటీమీటరు పైచిలుకు అయింది. అర సెంటీమీటరు అంచు జరిగితే ఎంత హాయి. ఆల్మా రిసీవర్లని మార్చి అద్దాల్ని కనీసం రెట్టింపు వెడల్పు చేసే పని కూడా నడుస్తోంది. అది పూర్తయితే నా అట్టముక్క కళ్లజోడుని మళ్లీ కత్తిరించాలి.

వాతావరణపు కొండల గురించి ఒక్క ముక్క. 118.75 దగ్గర ఆక్సిజన్, 183.31 దగ్గర నీటి ఆవిరి గాలిలోనే అడ్డం నిలబడతాయి. మన 115.27 గీత ఆ ఆక్సిజన్ లోయ అంచున ఉంది, అందుకే 110.20 దగ్గర కన్నా అక్కడ గురగుర ఎక్కువ. పట్టికలో రెండూ ఒకేలా కనిపించే అంకెలు. బొమ్మలో ఒకటి మిట్ట మీద, ఒకటి పల్లంలో.

కళ్లజోడునీ, కొలత గీసిన చీలికనీ గోడపత్రిక కింద దారంతో కట్టాను, మధ్యాహ్నం భోజనాల వేళ ఎవరైనా జరిపి చూడొచ్చు. చీలిక మీద ఎర్ర సిరాతో ఇంకో రెండు గీతలు పెట్టాను. 88.63 హైడ్రోజన్ సయనైడ్, 89.19 ఫార్మైల్ అయాన్. ఆ రెండింటినీ 97.98తో కలిపి, మూడూ ఒకేసారి కనిపించేలా కళ్లజోడు నిలబెట్టండి. కుదురుతుంది. వంతెన మధ్య గుర్తు 93.2కీ 93.9కీ మధ్య ఉండాలి. 115.27ని కూడా కలుపుదామని చూసేవాళ్లు చూడండి గానీ, 97.98 నుంచి దాని దూరం 17.29, కళ్లజోడు మొత్తం వెడల్పు 16.